డాకర్ డెస్క్‌టాప్‌కు డిస్క్ స్థలం పెంచడం ఎలా?

విండోస్‌లో డాకర్ (ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో నడిపే సాధనం) వాడుతూ ఇమేజ్ (ప్రోగ్రామూ, దానికి కావలసినవీ కలిపిన మూస) తయారవుతుండగా డిస్క్‌లో చోటు లేదని ఆగిపోతోందని, పరిమాణం పెంచే సెట్టింగ్ ఎక్కడా కనబడడం లేదని రాశారు. అది మ్యాక్‌లో ఉంటుంది. డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్‌లో లినక్స్‌ను నడిపే ఏర్పాటు) మీద నడిచే డాకర్‌కు ఉండదు. ఇమేజిలు, కంటెయినర్లు (ఇమేజ్ నుంచి నడిచే పెట్టెలు), వాల్యూములు (అవి డేటా దాచుకునే చోట్లు) అన్నీ ఒకే పెద్ద వీహెచ్‌డీఎక్స్ ఫైలులో, అంటే ఒక వర్చువల్ డిస్క్‌లో, ఉంటాయి. కొత్త డబ్ల్యూఎస్ఎల్‌లో తయారైన ఫైలు 1 టీబీ దాకా పెరగగలదు. అందుకే చాలావరకు నిండేది ఆ ఫైలు కాదు, సి డ్రైవ్.

నాకూ అదే జరిగింది. 240 జీబీ సి డ్రైవ్‌లో 3 జీబీ మిగిలింది, ఆ ఫైలు ఒక్కటే 118 జీబీ. దేనికెంత చోటు పడుతోందో చూపే ‘డాకర్ సిస్టమ్ డీఎఫ్’ కొట్టి చూస్తే ఇమేజిలే 74 జీబీ, అందులో 52 జీబీ ఎవరూ వాడనివి. ఒకే పేరుతో మళ్లీ మళ్లీ బిల్డ్ చేసినప్పుడల్లా పాత ఇమేజ్ పేరు పోగొట్టుకుని లోపలే ఉండిపోతుంది. వాటినీ, బిల్డ్‌ల కోసం దాచిన తాత్కాలిక ఫైళ్లనూ తుడిచే ‘ఇమేజ్ ప్రూన్’, ‘బిల్డర్ ప్రూన్’ నడిపాను.

ఇక్కడ ఒక హెచ్చరిక. ‘సిస్టమ్ ప్రూన్’ ఆగి ఉన్న కంటెయినర్లను తీసేస్తుంది. దాంతో వాటి వాల్యూములు ఎవరికీ చెందనివిగా మారతాయి. ఆ వెంటనే ‘వాల్యూమ్ ప్రూన్’‌ను అన్నింటికీ వర్తించేలా నడిపితే పేరు పెట్టుకున్న వాల్యూములు కూడా పోతాయి. రెండు వారాలు కూర్చి పెట్టుకున్న పరీక్షల డేటాబేస్‌ను నేను అలాగే పోగొట్టుకున్నాను. దయచేసి వాల్యూముల జాబితా చదవకుండా ఆ ఆదేశం ఇవ్వకండి.

ఇంత తుడిచినా ఫైలు 118 జీబీ దగ్గరే ఉంది. గాదెలో ధాన్యం తీసినా గాదె ఆక్రమించిన చోటు తగ్గనట్టే, డాకర్ డెస్క్‌టాప్ పాత వెర్షన్లలో ఈ ఫైలు పెరిగేదే గానీ తనంతట తాను కుదించుకునేది కాదు. 2024లో వచ్చిన 4.34 నుంచి ఖాళీ అయిన చోటును డాకరే విండోస్‌కు తిరిగి ఇస్తుంది. పాత వెర్షన్ అయితే, లేదా ఫైలు తగ్గకపోతే, డాకర్‌ను పూర్తిగా మూసి, డబ్ల్యూఎస్ఎల్‌ను షట్‌డౌన్ చేసి, అడ్మినిస్ట్రేటర్‌గా డిస్క్‌పార్ట్ (విండోస్‌లోని డిస్క్ నిర్వహణ సాధనం) తెరవాలి. ఆ ఫైలును వీడిస్క్‌గా (వర్చువల్ డిస్క్‌గా) ఎంచుకుని, రీడ్‌ఓన్లీగా అటాచ్ చేసి, కాంపాక్ట్ ఆదేశం ఇచ్చి, డిటాచ్ చేయాలి. విండోస్ హోమ్‌లోనూ ఇది పనిచేస్తుంది. నాకు ఫైలు 36 జీబీకి దిగింది.

అదీ చాలకపోతే ఫైలును వేరే డ్రైవ్‌కు మార్చండి. సెట్టింగ్స్‌లో రిసోర్సెస్, అందులో అడ్వాన్స్‌డ్, అక్కడ డిస్క్ ఇమేజ్ లొకేషన్. చేత్తో కట్, పేస్ట్ చేయకండి, మార్పిడి డాకర్‌కే వదిలేయండి. కొత్త డ్రైవ్ కూడా ఎస్ఎస్‌డీ అయితేనే మంచిది. నేను మొదట పాత హార్డ్ డిస్క్‌కు మార్చాను, బిల్డ్‌లు భరించలేనంత నెమ్మదించాయి.

మ్యాక్ వాడే మిత్రులకు ఒక మాట: అక్కడ పరిమితి పెంచితే ఇబ్బంది లేదు. తగ్గిస్తే మాత్రం ఉన్న డిస్క్ ఇమేజ్‌ను చెరిపి కొత్తది సృష్టిస్తుంది. ముందుగా వాల్యూముల్లోని డేటాను బయటికి కాపీ చేసుకోండి.