కామెర్లు తగ్గాయి కదా, స్టెరాయిడ్ ఆపేయొచ్చా?

ప్రశ్న: మా పాపకు పదేళ్లు, బరువు 25 కిలోలు. కామెర్లు ఎంతకీ తగ్గకపోతే బయాప్సీ చేసి ఆటోఇమ్యూన్ హెపటైటిస్ (సొంత రోగనిరోధక శక్తే కాలేయాన్ని దెబ్బతీసే జబ్బు) అన్నారు. ఆరు వారాల కిందట రోజుకు 50 మి.గ్రా. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టి ఇప్పుడు 15కి తగ్గించారు. రెండు వారాలుగా రోగనిరోధక శక్తిని అదుపుచేసే అజాథియోప్రిన్ 25 మి.గ్రా. కూడా ఇస్తున్నాం. ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 860 నుంచి 140కి దిగింది, కళ్లు తెల్లబడ్డాయి. కానీ ముఖం బాగా ఉబ్బింది, ఎప్పుడూ ఆకలే అంటోంది. స్టెరాయిడ్ ఆపేసి మూలికల మందు ఇవ్వొచ్చా?

జవాబు: ఆపకండమ్మా. కళ్లు తెల్లబడటమంటే పచ్చదనం తెచ్చే బిలిరుబిన్ తగ్గిందని మాత్రమే అర్థం. ఎస్‌జీపీటీ ఇంకా 140 ఉందంటే పాప సొంత రోగనిరోధక కణాలు కాలేయాన్ని దెబ్బతీస్తూనే ఉన్నాయన్నమాట. అయినా మొదటి రెండు నెలల్లో 80 శాతం తగ్గితే మందు బాగా పనిచేస్తున్నట్టే, మీ పాప ఆ మేరకు ఇప్పటికే కోలుకుంది. పూర్తిగా నార్మల్ కావడానికి మరికొన్ని నెలలు పడుతుంది.

ఇన్ని వారాలు బయటి నుంచి స్టెరాయిడ్ అందడంతో మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసాల్ (శరీరంలోని సహజ స్టెరాయిడ్) తయారుచేయడం తగ్గించేస్తాయి. మాత్ర ఒక్కసారిగా మానేస్తే బీపీ, షుగర్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మాత్ర వేసిన అరగంటలోపే వాంతి అయితే మళ్లీ వేయండి. అదీ నిలవకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఇంజెక్షన్ ఇవ్వాల్సి ఉంటుంది.

ముఖం ఉబ్బు చూస్తే తల్లిగా బాధ కలగడం సహజమే. డోసు 2.5 నుంచి 5 మి.గ్రా.కు దిగేకొద్దీ అది తీసిపోతుంది. అంతవరకు మాత్ర ఉదయం తిన్నాక వేయండి, ఉప్పు, తీపి తగ్గించండి. కాల్షియం, విటమిన్ డి గురించి డాక్టర్‌ను అడగండి. ఎత్తు, బీపీ, షుగర్, కళ్లు పరీక్ష చేయిస్తుండాలి.

స్టెరాయిడ్‌ను అంత తక్కువకు దించగలిగేది అజాథియోప్రిన్ వల్లే. అయితే అది తెల్లకణాలను తగ్గించగలదు. ఈ మందును శరీరంలో విరిచే టీపీఎంటీ ఎంజైమ్ పరీక్ష చేశారో లేదో కనుక్కోండి. ఆ ఎంజైమ్ తక్కువగా ఉన్న పిల్లలకు మామూలు డోసే విషమవుతుంది. లివర్ పరీక్షతో పాటు సీబీసీ (రక్తకణాల లెక్క) కూడా తరచూ చేయించాలి. జ్వరం, గొంతునొప్పి, నోటిపూత వస్తే అదే రోజు చూపించండి. ఎంఎంఆర్, ఆటలమ్మ లాంటి లైవ్ టీకాలు ఇప్పుడు వేయించకూడదు. ఆటలమ్మ ఉన్న పిల్లలతో కలిసి ఉంటే పొక్కులు కనిపించేదాకా ఆగకుండా ఫోన్ చేయండి.

మూలికల మందు వద్దే వద్దు. వాటిలో కొన్ని స్వయంగా కాలేయాన్ని దెబ్బతీస్తాయి. అప్పుడు ఎస్‌జీపీటీ పెరిగితే జబ్బు తిరగబెట్టిందో, మందు వికటించిందో తేల్చడం కష్టం.

ఎన్నాళ్లు వాడాలంటే, లివర్ ఎంజైమ్‌లు, ఐజీజీ (ఈ జబ్బులో పెరిగే ఒక రకం యాంటీబాడీ) నార్మల్‌గా రెండు మూడేళ్లు నిలిచి, మళ్లీ బయాప్సీలో వాపు లేదని తేలాకే ఆపే ఆలోచన చేస్తారు. రిపోర్టులో యాంటీ ఎల్‌కేఎం-1 అనే యాంటీబాడీ పాజిటివ్ అని ఉంటే అది ఈ జబ్బులో టైప్ 2 రకం, అందులో మందు మానగలిగేవారు అరుదు. జబ్బు తిరగబెట్టడానికి తరచుగా కనిపించే కారణం మాత్రలు మానేయడం, ముఖ్యంగా టీనేజ్‌లో. పాపకు తన జబ్బు పేరు, మాత్రల పేర్లు ఇప్పటి నుంచే నేర్పండి.