నెట్ బిల్లు తగ్గాలంటే కంపెనీ మారాల్సిందేనా?

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. ఇంట్లో మా ఆయన, నేను, అత్తగారు, ఇద్దరు పిల్లలు. ఒక పెద్ద కంపెనీ ఫైబర్ నెట్ వాడుతున్నాం. 200 ఎంబీపీఎస్, ఓటీటీలతో కలిపి నెలకు రూ.999, జీఎస్టీ అదనం. మా ఆయనకు వారంలో మూడు రోజులు ఇంటి నుంచే ఆఫీసు పని. ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేస్తే హాల్లో 180 వస్తుంది, ఆయన కూర్చునే బెడ్‌రూమ్‌లో 22 దాటదు. మా వీధి కేబుల్ ఆపరేటర్ 100 ఎంబీపీఎస్ ఇస్తానంటున్నాడు. ఏడాదికి ఒకేసారి కడితే రూ.5,500, నెలనెలా అయితే రూ.550. మిగిలే డబ్బు మా ఏడేళ్ల పాప పేరున సుకన్య సమృద్ధి పొదుపు పథకంలో వేద్దామని ఉంది. మారిపోవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: బిల్లు తగ్గించుకోవాలన్న మీ ఆలోచన సరైనదే. కానీ కంపెనీ మారే ముందు ప్యాకేజీ మార్చి చూడండి. మీరు రాసిన అంకెలను బట్టి చూస్తే, ఆదాలో ఎక్కువ భాగం అక్కడే దొరికేలా ఉంది.

ముందు ఇప్పటి ఖర్చు చూద్దాం. రూ.999కి 18 శాతం జీఎస్టీ కలిపితే నెలకు దాదాపు రూ.1,179, ఏడాదికి రూ.14,146. ఇంత పెట్టి కొంటున్న 200 ఎంబీపీఎస్‌లో మీ ఇంటికి నిజంగా పట్టేది ఎంత? హెచ్‌డీలో సినిమా చూడటానికి 5 ఎంబీపీఎస్ సరిపోతుంది. 4కే టీవీ అయినా 15 చాలు. వీడియో మీటింగ్‌కు మూడు, నాలుగు. హాల్లో టీవీ నడుస్తూ, అత్తగారు ఫోన్‌లో సీరియల్ చూస్తూ, మీ ఆయన మీటింగ్‌లో ఉండి, పిల్లాడు ఆన్‌లైన్ క్లాసు వింటున్నా అన్నీ కలిపి 30 దాటడం కష్టం. ఆ బెడ్‌రూమ్‌లో ఇన్నాళ్లూ 22తోనే ఆయన పని చేసుకుంటున్నారు కదా!

ఆ 22 సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది కంపెనీ మారేది ఇలాంటి కారణంతోనే. హాల్లో 180 వస్తోందంటే మీ ఇంటి దాకా నెట్ బాగానే వస్తున్నట్టు. తగ్గుతున్నది గోడల దగ్గర. రూటర్‌లో రెండు రకాల వైఫై ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటేసరికి బలహీనపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళుతుంది కానీ వేగం తక్కువ. రూటర్ టీవీ షోకేస్ వెనకాల ఓ మూలన ఉంటే, ఏ కంపెనీ పెట్టెను తెచ్చి అక్కడే పెట్టినా బెడ్‌రూమ్‌లో అదే 22 చూస్తారు. ఆ పెట్టెను బెడ్‌రూమ్ గుమ్మం వైపు జరపమని టెక్నీషియన్‌ను అడగండి. కుదరకపోతే రూటర్ నుంచి మీ ఆయన టేబుల్ మీది కంప్యూటర్ దాకా ఒక ల్యాన్ కేబుల్ (వైఫై లేకుండా నేరుగా నెట్ ఇచ్చే వైరు) లాగించండి. కొన్ని వందల రూపాయల పని ఇది. మీటింగ్‌లు తెగిపోతాయన్న టెన్షన్ చాలా వరకు దీంతోనే పోతుంది.

ఇక ధరలు. పెద్ద కంపెనీల్లో చిన్న ప్యాకులు ఉన్నాయి కానీ ప్రకటనల్లో పెద్దగా కనపడవు. జియోఫైబర్‌లో 30 ఎంబీపీఎస్ రూ.399, 100 ఎంబీపీఎస్ రూ.699. ఎయిర్‌టెల్‌లో 40 ఎంబీపీఎస్ రూ.499, 100 ఎంబీపీఎస్ రూ.799. బీఎస్ఎన్ఎల్‌లోనూ ఐదు వందల లోపు ఫైబర్ ప్యాకులున్నాయి. వీటన్నిటికీ జీఎస్టీ అదనం. ఇవి మారుతూ ఉంటాయి కాబట్టి కట్టే రోజు యాప్‌లో ఒకసారి సరిచూసుకోండి. ఉదాహరణకు రూ.499 ప్యాక్ తీసుకుంటే పన్నుతో నెలకు రూ.589, ఏడాదికి రూ.7,066 పడుతుంది. అంటే మీకు రూ.7,080 మిగులుతుంది. మీ ఆపరేటర్‌కు నెలనెలా రూ.550 కడితే ఏడాదికి రూ.6,600. రెండింటికీ తేడా ఏడాది మొత్తానికి రూ.466! వేగం ఎక్కువే ఇస్తానంటున్నాడు, నిజమే. కానీ అవసరం లేని వేగం కోసం బాగా నడుస్తున్న లైను తీసేయడం ఎందుకు? ముందు ఒక నెల చిన్న ప్యాక్ వాడి చూడండి. చాలకపోతే మళ్లీ పై ప్యాక్‌కు వెళ్లొచ్చు.

మీ ప్యాక్‌లో ఓటీటీలు పోతాయి కదా అంటారా? గత నెలలో ఇంట్లో ఎవరు ఏ యాప్ తెరిచారో అడగండి. సాధారణంగా ఒకటి, మహా అయితే రెండు ఉంటాయి. అత్తగారి సీరియళ్ల యాప్ ఒక్కటి విడిగా కొనడానికి ఏడాదికి పదిహేను వందలు వేసుకున్నా, ఇంకా ఐదున్నర వేలు మీ చేతిలోనే ఉంటాయి. కేబుల్ టీవీ బిల్లు కూడా విడిగా కడుతున్నారేమో మీరు రాయలేదు. కడుతుంటే ఆ రెండింట్లో ఏది ఉంచాలో ఇప్పుడే తేల్చుకోండి.

మీరు రాయని ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. మీ ఆయన ఆఫీసు వాళ్లు నెట్ బిల్లు తిరిగి ఇస్తారా? చాలా కంపెనీల్లో ఈ సదుపాయం ఉన్నా అడిగేవాళ్లు తక్కువ. ఇస్తామంటే ఆయన పేరున జీఎస్టీ నంబరుతో సరైన బిల్లు అడుగుతారు. వీధి ఆపరేటర్ చేతిరాత రసీదు అక్కడ పనికిరాదు. ఒకవేళ ఆఫీసు నెలకు వెయ్యి ఇస్తుంటే ఈ లెక్కంతా తలకిందులవుతుంది. కాబట్టి మొదటి ఫోన్ హెచ్‌ఆర్‌కే చేయించండి.

ఇవన్నీ చూశాక కూడా ఆపరేటర్ వైపే మొగ్గితే, తప్పేం లేదు. వీధిలోనే ఉంటాడు, వైరు తెగితే గంటలో వచ్చి కడతాడు, కస్టమర్ కేర్ పాటలు వినక్కర్లేదు. ఏపీ ఫైబర్‌నెట్ కూడా ఇళ్లకు చేరింది ఇలాంటి కేబుల్ ఆపరేటర్ల ద్వారానే. అయితే కొన్ని విషయాలు అడిగి తెలుసుకోండి. ఫైబర్ వైరు నేరుగా మీ ఇంట్లోకి వస్తుందా, లేక స్తంభం మీద పెట్టె దాకా వచ్చి అక్కడి నుంచి ల్యాన్ వైరు వేస్తాడా? రెండోదైతే ఆ పెట్టెకు కరెంటు కావాలి. మీ రూటర్‌కు ఇంట్లో మినీ యూపీఎస్ పెట్టుకున్నా, వీధిలో కరెంటు పోతే నెట్ పోయే ప్రమాదం ఉంది. ఏ కంపెనీ నెట్ ఇస్తున్నాడో, బిల్లు మీద ఎవరి పేరు ఉంటుందో, రూ.5,500లో జీఎస్టీ కలిసిందో లేదో అడగండి. నెలకు డేటా ఎంత, అది అయిపోయాక వేగం ఎంతకు పడిపోతుందన్నదీ ముఖ్యమే. హెచ్‌డీ వీడియో గంటకు 3 జీబీ దాకా తీసుకుంటుంది. రోజుకు ఐదు గంటలంటే నెలకు 450 జీబీ. 500 జీబీ పరిమితి ఉన్న ప్యాక్ మీ ఇంటికి ఇరుకే.

ఏడాది డబ్బు మాత్రం మొదట్లోనే కట్టకండి. ఒకేసారి కడితే మీకు కలిసొచ్చేది రూ.1,100. దాని కోసం రూ.5,500 ఆపరేటర్ చేతిలో పెడుతున్నారు. రెండు నెలలకే నెట్ మొరాయించినా, అతను లైన్లు ఇంకొకరికి అమ్ముకున్నా ఆ డబ్బు వెనక్కి రావడం కష్టం. మూడు నెలలు రూ.550 చొప్పున కట్టి చూడండి. వానాకాలం కూడా మధ్యలో వస్తే ఇంకా మంచిది.

మొబైల్ నంబరులా బ్రాడ్‌బ్యాండ్‌కు పోర్టబిలిటీ లేదు. కొత్త లైను వేయించుకుని, పాతది తీసేయించాలి. ఆఫీసు పని ఉంది కాబట్టి రెండూ కనీసం రెండు వారాలు కలిసి నడవనివ్వండి. ఆ తర్వాత పాత కంపెనీకి రాతపూర్వకంగా కనెక్షన్ రద్దు చేయమని చెప్పి రిక్వెస్ట్ నంబర్ తీసుకోండి. రూటర్ వాళ్లదే అయితే అప్పగించి రసీదు తీసుకోండి. డిపాజిట్ కట్టి ఉంటే అడగండి. ఊరికే బిల్లు కట్టడం మానేస్తే కనెక్షన్ రద్దయినట్టు కాదు. పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లులు పెరుగుతూనే ఉంటాయి. రద్దు ఖాయమైందని మెసేజ్ వచ్చాక, చివరి బిల్లు తీర్చి ఆటోపే ఆపేయండి. వాళ్లు తిప్పలు పెడితే ఫిర్యాదు నంబరుతో ఆ కంపెనీలోనే ఉండే అప్పీలేట్ అథారిటీకి (తేలని ఫిర్యాదులను మళ్లీ చూసే పై విభాగం) రాయొచ్చు, దానికి ఫీజు లేదు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ కూడా ఉంది.

నెట్ పనిలో ఉన్నప్పుడే ఇంట్లో ఫోన్ల రీఛార్జ్‌లు కూడా చూడండి. 28 రోజుల ప్యాక్ అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు కట్టాలి. రోజంతా ఇంటి వైఫైలో ఉండే అత్తగారి ఫోన్‌కు రోజూ 2 జీబీ ఎందుకు? టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశంతో 2025 జనవరి నుంచి కాల్స్, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాకులు వచ్చాయి. ఆవిడకు అవి సరిపోతాయి.

సుకన్య ఆలోచన బాగుంది. పాపకు పదేళ్లు నిండేలోపు ఖాతా తెరవాలి, మీకు ఇంకా సమయం ఉంది. ఏడాదికి కనీసం రూ.250 వేస్తే ఖాతా నిలుస్తుంది కాబట్టి మీరనుకున్న మొత్తం తక్కువేమీ కాదు. డబ్బు 15 ఏళ్లు వేయాలి, ఖాతా తెరిచిన 21 ఏళ్లకు చేతికొస్తుంది. కొత్త ప్యాక్ మొదలైన నెల నుంచే, జీతం పడిన మర్నాడు మీ బ్యాంకు ఖాతాలోంచి రూ.500 సుకన్యకు వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టించండి. లేదంటే బిల్లులో తగ్గిన ఐదొందలు సరుకుల్లో, పెట్రోల్లో కలిసిపోతాయి.