మా వారు ఉద్యోగం మానేసి పొలానికి వెళ్లిపోతారేమో!

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఎం.ఎస్. చదవడానికి అమెరికా వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో పరిచయమైన అమెరికన్‌ని పెళ్లి చేసుకున్నాను. ఆయనకు 47 ఏళ్లు, నాకు 43, బాబుకి 11. ఇల్లినాయిలో మోలీన్ దగ్గర ఉంటాం. మా వారు అయోవాలో ఒక రైతు కొడుకు. అయోవా స్టేట్ యూనివర్సిటీలో అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ చదివి, ఇప్పుడు కోత యంత్రాలు డిజైన్ చేస్తున్నారు. నాది కాంట్రాక్టు సాఫ్ట్‌వేర్ పని. మామగారికి 74, సొంతానికి 320 ఎకరాలు. అత్తగారు నాలుగేళ్ల కిందట పోయారు. పోయినేడాది మామగారి మోకాలికి ఆపరేషన్ అయినప్పటి నుంచి మా వారు శని, ఆదివారాలు రెండు గంటలు డ్రైవ్ చేసుకుని అక్కడికే వెళ్తున్నారు. "నాన్న తర్వాత ఎవరు చూస్తారు" అని ఒకసారి అన్నారు. ఏం అడిగినా "చూద్దాం" అంటారు. ఆడపడుచు చికాగోలో ఉంటుంది, ఈ సంగతి ఎత్తదు. "ఇంజినీరనే కదా ఒప్పుకున్నాం, ఈ వయసులో నాగలి పట్టుకుంటాడా" అని మా అమ్మ ఫోన్లో ఏడుస్తోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
- పేరు వద్దు, ఇల్లినాయి

జవాబు: ఉద్యోగం మానేస్తానని మీ వారు ఇంతవరకూ ఒక్కసారి కూడా అన్నట్టు మీ ఉత్తరంలో లేదమ్మా. నాన్న తర్వాత ఎవరు చూస్తారన్నారు, అంతే. మిగతాదంతా మీరూ మీ అమ్మగారూ కలిసి అల్లుకున్నదే. తప్పుపట్టడం లేదు. నోరు విప్పని మనిషి పక్కన బతికేవాళ్లకి ఊహించుకోవడమే పనవుతుంది.

ఆయన వయసు చూసి ఒక లెక్క వేశాను. 47 అంటే ఊహ తెలిసేనాటికి 1985, 86. అయోవా రైతుకి అవి ఎంత గడ్డు రోజులో ఆయన మీకు చెప్పి ఉండకపోవచ్చు. డెబ్బైల్లో భూమి ధర ఏటికేడాది పెరుగుతుంటే ఆ ధర చూసుకునే బ్యాంకులు అప్పులిచ్చాయి. తర్వాత వడ్డీలు విపరీతంగా పెరిగాయి. 1980లో సోవియట్ యూనియన్‌కి ధాన్యం అమ్మకాల మీద ఆంక్షలు వచ్చాయి. పంట ధరలు పడ్డాయి. 1981లో సగటున 2,147 డాలర్లున్న ఎకరం 1986కి 787 డాలర్లకు దిగింది. అప్పు మాత్రం దిగలేదు. ట్రాక్టరు దగ్గర్నుంచి రెంచీల డబ్బా దాకా వాకిట్లో పేర్చి వేలం వేస్తే, చుట్టుపక్కల పొలాల వాళ్లే వచ్చి తలొంచుకుని పాడుకున్న రోజులవి. ఆ కాలంలో చాలామంది తండ్రులు పిల్లలకి "ఇది మీకొద్దు, చదువుకుని బయటపడండి" అని చెప్పారు. మీ మామగారూ చెప్పే ఉంటారని నా అనుమానం.

ఆ మాట విన్న పిల్లాడికి అందులో ప్రేమా వినిపిస్తుంది, పొమ్మన్నట్టూ వినిపిస్తుంది. మళ్లీ రమ్మని తండ్రి అనలేడు, తనే పొమ్మన్నాడు కాబట్టి. వస్తానని కొడుకూ అనలేడు. ఈ మౌనంలో మీ తప్పేమీ లేదు, మీ పెళ్లికి చాలా ముందే మొదలైంది.

అసలు ఆయన పొలం వదిలారని నేననుకోను. అలాంటి ఇళ్లలో ఇంజినీరింగ్ మొదలయ్యేది షెడ్డులోనే. కోత మధ్యలో యంత్రం ఆగితే, విడిభాగం వచ్చేదాకా కూర్చోలేరు. దొరికిన ఇనుప ముక్కనే కోసి, వెల్డింగ్ చేసి, సాయంత్రానికి నడిపించాలి. పదేళ్ల పిల్లాడు టార్చిలైటు పట్టుకుని నిలబడతాడు. ఇంకాస్త పెద్దయ్యాక జూలై ఎండలో, విత్తనం కోసం వేసిన మొక్కజొన్న చేలల్లో, ఆడ మొక్కలుగా ఉంచిన వరసల్లో మగపూత పీకే కూలికి వెళ్తాడు. ఇవాళ మీ వారు కంప్యూటర్ మీద గీస్తున్న యంత్రం ఆ చేల కోసమే కదా!

ఇప్పుడు మీరు చేయగలిగింది చెప్తాను. రాత్రి భోజనాల దగ్గర కూర్చోబెట్టి "తేల్చి చెప్పండి" అని అడగకండి, "చూద్దాం" తప్ప ఇంకేం రాదు. కోతలు సెప్టెంబరులో మొదలై నవంబరు దాకా సాగుతాయి. ఒక శనివారం మీరూ వెళ్లండి, బాబుని తాతగారి దగ్గర వదిలేయండి. కంబైన్ అనే ఆ కోత యంత్రం క్యాబిన్‌లో డ్రైవర్ పక్కన ఇంకో చిన్న సీటు ఉంటుంది, అందులో కూర్చోండి. ఎదురుగా కూర్చుని మొహం చూస్తూ మాట్లాడలేని మగవాళ్లు చేతిలో పని ఉంటే బాగానే మాట్లాడతారు. "ఏం చేయబోతున్నారు" అని మాత్రం వద్దు, "మీకేం చేయాలనుంది" అని అడగండి. జవాబు ఆ చాలు చివరిదాకా రాకపోయినా ఊరుకోండి.

ఆ ప్రశ్నే ఎందుకంటే, మనసు లేకుండా తండ్రి కోసమని పొలంలో ఉండిపోయినవాళ్లు ఎక్కువకాలం నిలవకపోవచ్చు. తర్వాత కార్ల కంపెనీ పెట్టిన మిషిగన్ రైతు కొడుకు హెన్రీ ఫోర్డ్ సంగతి చూడండి. యంత్రాల పని మానేస్తే 40 ఎకరాల అడవి భూమి ఇస్తానన్నాడు తండ్రి. సరేనని తీసుకున్నాడు, పెళ్లీ చేసుకున్నాడు. 1891కల్లా డెట్రాయిట్ వెళ్లిపోయి ఇంజినీరు ఉద్యోగంలో చేరాడు. మీ వారి విషయంలో దారి అటు నుంచి ఇటు, అంతే తేడా.

తర్వాత లెక్కలు. జనవరి, ఫిబ్రవరిల్లో పొలం మీద పనుండదు కాబట్టి ఆస్తి మాటలకి అదే సమయం. ఆడపడుచుని పిలవకుండా ఏదీ తేల్చకండి. 320 ఎకరాలంటే మీ ఊళ్లో జమీందారీ, అయోవాలో సగటు కమతమే దాదాపు 345 ఎకరాలు. 2024లో అక్కడ ఎకరం సగటున 11 వేల డాలర్లు దాటింది. ఆ లెక్కన మామగారి భూమి 35 లక్షల డాలర్ల పైమాటే, సగం వాటా 17 లక్షలకు పైనే. అదే ఏడాది సగటు కౌలు ఎకరాకు 280 డాలర్లు కూడా లేదు. అంటే మొత్తం పొలానికి ఏడాదికి 90 వేల లోపు. ఆడపడుచు వాటా కొనాలంటే, వడ్డీ, పన్నుల మాట పక్కనపెట్టినా, ఇరవై ఏళ్ల కౌలు దానికే పోతుంది. ఈ అంకె తెలియకపోతే అన్నాచెల్లెళ్లు కోర్టు దాకా వెళ్తారు.

అదృష్టం ఏమిటంటే, ఉద్యోగమా పొలమా అని రెండే దారులు లేవు. పక్క రైతుకి కౌలుకివ్వచ్చు, పంటలో వాటాకివ్వచ్చు. విత్తడం నుంచి కోత దాకా కిరాయికి చేయించుకుని పంట తమదిగా ఉంచుకునేవాళ్లూ ఉన్నారు. అయోవా స్టేట్ యూనివర్సిటీలో రైతులకు సలహాలిచ్చే విస్తరణ విభాగంలో తరం మారేటప్పుడు పొలం ఎలా చేతులు మారాలో చెప్పేవాళ్లు ఉంటారు, ముందు వాళ్లతో మాట్లాడి తర్వాత లాయర్ దగ్గరికి వెళ్లండి.

మీ విషయంలో ఒక్కచోట మాత్రం మెత్తబడకండి. మీ ఇంట్లో హెల్త్ ఇన్సూరెన్స్ ఆయన ఉద్యోగంతోనే వస్తోందనుకుంటాను. అక్కడ ఎన్నో రైతు కుటుంబాల్లో భార్యాభర్తల్లో ఒకరు ఇన్సూరెన్స్ కోసమే టౌనులో ఉద్యోగం చేస్తారు. ఆయన మానేస్తే ఆ బరువు మీ మీద పడుతుంది, కాంట్రాక్టు పని చాలదు. అది మోయగలరా, మోయాలని ఉందా, బాబు బడి మార్చడానికి ఒప్పుకుంటారా అన్నది కంబైన్ ఎక్కకముందే మీలో మీరు తేల్చుకోండి. "మీరు మమ్మల్ని పట్టించుకోవట్లేదు" అనకుండా "నాకు ఇది కావాలి" అని చెప్పండి.

మామగారు పెద్ద ఇంట్లో ఒంటరిగా ఉన్నారు, కాలు సహకరించట్లేదు, సరిగ్గా తింటున్నారో లేదో గమనించండి. దిగులుగా అనిపిస్తే, రైతు కుటుంబాల కోసం అయోవాలో రాత్రీపగలూ పలికే 'అయోవా కన్సర్న్' ఫోన్ లైన్ ఉంది. మీరూ చేయచ్చు.

అమ్మగారికి జనవరి దాకా ఏమీ చెప్పకండి. నాగలి మాట ఎత్తితే అక్కడి ట్రాక్టర్లు జీపీఎస్‌తో వాటంతటవే చాలు పడతాయని చెప్పి నవ్వేయండి. మీకు మాత్రం ఈ నిద్రలేమి ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి, కోతలయ్యేదాకా ఆగకండి.