పిక్క వాచింది.. బెల్టు కాదు, ముందు స్కాన్ చూడండి

ప్రశ్న: నా వయసు 46. సొంతూరు సోంపేట దగ్గర, ఉంటున్నది శ్రీకాకుళంలో. ఇదివరకు టెక్కలిలో ఆఫీసుకు బస్సులో వెళ్లేవాడిని. రెండేళ్ల క్రితం కారు కొన్నాక అన్నిటికీ అదే, కూరగాయలకు కూడా. బరువు పెరిగాను, నడుం నొప్పి పట్టుకుంది. వారం నుంచి ఎడమ పిక్క కాస్త వాచి సలుపుతోంది. బీపీ మందుతో పాటు మందుల షాపులో ఇచ్చిన డైక్లోఫెనాక్ రోజూ వేసుకుంటున్నాను. సీటుకు కుషన్ మంచిదా, నడుముకు బెల్టు మంచిదా?

జవాబు: కుషన్, బెల్టు తర్వాత. నాకు టెన్షన్ పెట్టింది ఆ పిక్క. సాయంత్రానికి రెండు కాళ్లూ వాచడం వేరు, ఒక్క కాలే వాచి సలపడం వేరు. పోను రాను కారులో, మధ్యలో రోజంతా కుర్చీలో కూర్చునేవారికి, అందులోనూ బరువు పెరిగినవారికి, కాలి లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. మీది ఉత్త కండరాల నొప్పే కావచ్చు, చూడకుండా చెప్పలేను. ఇవాళే డాక్టర్‌కి చూపించండి, అవసరమంటే సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ రాస్తారు. అప్పటిదాకా పిక్కకు నూనె రాసి మర్దన చేయించకండి. గడ్డ ఉంటే కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరవచ్చు. ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గితే రక్తం.. ఏది కనిపించినా కారు తీయకుండా 108కి ఫోన్ చేయండి.

బస్సు రోజుల్లో కాంప్లెక్స్ (బస్టాండ్) దాకా, అక్కడ దిగాక ఆఫీసు దాకా ఎంతో కొంత నడిచేవారు కదా. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక కావాలి. కారుతో పోయింది అదే. ఎండ, లారీలు, నడవడానికి దారి లేకపోవడం నిజమే, కాదనను. స్కాన్‌లో ఏమీ లేదని తేలితే వారంలో కొన్ని రోజులైనా బస్సెక్కండి. కూరగాయలకు మాత్రం నడిచే వెళ్లండి.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది ఆ నొప్పి మాత్ర, డైక్లోఫెనాక్. మీ సోంపేట వైపు ఉద్దానం ప్రాంతంలో ఎందరినో పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. డయాలసిస్‌కు తిరిగేవాళ్లను దగ్గర నుంచి చూసిన ఊరివారు మీరు. అలాంటి మీరే డాక్టర్ చీటీ లేకుండా డైక్లోఫెనాక్ రోజూ మింగితే ఎలా? అది కిడ్నీలకు రక్తం అందడాన్ని తగ్గిస్తుంది, బీపీని పెంచుతుంది, కొన్ని బీపీ మందులతో కలిస్తే నష్టం ఇంకా ఎక్కువ. దాన్ని ఆపండి. బీపీ మందు మాత్రం సొంతంగా ఆపకండి. కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియడానికి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించండి. వాడిన మాత్రల షీట్లు పారేయకుండా తీసుకెళ్లండి, ఏది ఎన్నాళ్లు వేసుకున్నారో డాక్టర్‌కి తెలియాలి.