డబ్బు పాపకు చేరడం లేదా?

ప్రశ్న: మలావీలో ఒక పల్లెటూరి పాపకు ఒక సంస్థ ద్వారా ఆరేళ్లుగా నెలనెలా డబ్బు పంపుతున్నాను, ఇప్పుడు తనకు పదకొండేళ్లు. మొన్న వచ్చిన రిపోర్టులో ఊళ్లో చేతిపంపు వేశామని, బడిలో మరుగుదొడ్లు కట్టామని ఉంది గానీ పాపకు ఏమిచ్చారో లేదు. పైగా మూడేళ్లలో ఆ ప్రాంతం నుంచి సంస్థ వెళ్లిపోతుందట. నేను మోసపోయానా? ఇది ఆపేసి నేరుగా ఆ కుటుంబానికే పంపనా? - ఒక పాఠకురాలు

జవాబు: మోసం కాదండీ, కానీ మీ బాధలో న్యాయం ఉంది. ఒక పాప ఫొటో చూపించి అడిగిన డబ్బు ఊరందరి పనికి వెళ్తోందంటే ఎవరికైనా అలాగే ఉంటుంది, ఆ మాట మొదటి రోజే స్పష్టంగా చెప్పాల్సింది. ఒక దాత, ఒక బిడ్డ అనే ఈ పద్ధతి పాతదే, 1937లో స్పెయిన్ అంతర్యుద్ధంలో దిక్కులేనివాళ్లైన పిల్లలకూ ఇలాగే సాయం చేశారు. పల్లెల్లోకి వచ్చాక చిక్కు తెలిసింది: ఒక ఇంటి బిడ్డకు బూట్లు, దుప్పటి ఇచ్చి పక్కింటి బిడ్డకు ఇవ్వకపోతే ఆ రెండిళ్ల మధ్య మాటలుండవు. అందుకే చాలా సంస్థలు ఊరి మొత్తానికి ఖర్చుపెడతాయి. కొన్ని ఇప్పటికీ బిడ్డకే ఫీజు, యూనిఫాం, వైద్యం ఇస్తాయి. ఉగాండా, కెన్యాతో సహా ఆరు దేశాల్లో ఆ రెండో రకాన్ని పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, సాయం అందిన పిల్లలు ఏడాది నుంచి దాదాపు ఏడాదిన్నర ఎక్కువ చదివారని తేలింది. మీ సంస్థ ఏ రకమో రాతపూర్వకంగా అడగండి.

పంపును మాత్రం తక్కువగా చూడకండి. అక్కడ నీళ్లు మోసేది ఆడవాళ్లు, ఆడపిల్లలే. మలావీలో పనిచేసినప్పుడు ఒక ఊళ్లో చూశాను, పంపులో రబ్బరు సీలు అరిగిపోయి ఎంత కొట్టినా చుక్క రాలేదు, చిన్న సామానే అయినా కొనడానికి ఊళ్లో పోగేసిన డబ్బు లేక ఆడపిల్లలు మళ్లీ వాగుకే పోయారు, బడి గంట కొట్టాక తడిసిన భుజాలతో వచ్చేవాళ్లు. ఇంకో ఊళ్లో మొక్కజొన్న కోతలవగానే ఇంటింటికీ చందా వసూలు చేసి నోటుపుస్తకంలో రాసుకునేవాళ్లు, శిక్షణ తీసుకున్న ఇద్దరు ఆడవాళ్లు రాడ్లు పైకి లాగి పొద్దున్నే సీలు మార్చేశారు. పంపు రెండు ఊళ్లలోనూ ఒకటే, తేడా దాన్ని ఊరు చూసుకునే తీరులోనే!

అందుకే సంస్థ వెళ్లిపోవడం తప్పు కాదు, ఇలాంటి పనులు పది పదిహేనేళ్లకు ఊరివాళ్లకే అప్పగించేలా వేసుకుంటారు. పంపు చూసుకునే ఊరి కమిటీ డబ్బు ఎవరి దగ్గరుంది, పంపు విప్పడం ఎవరికి వచ్చు అని ఇప్పుడే అడగండి.

కుటుంబానికి నేరుగా పంపడం వద్దు. ఊళ్లో ఆ ఇంటి మీద కళ్లు పడతాయి, పైగా పిల్లల భద్రత కోసమే సంస్థలు అడ్రసులు ఇవ్వవు.

ఆపేయడమూ వద్దు. మలావీలో 1994లో ప్రాథమిక బడి ఫీజులు తీసేశారు, లక్షల మంది పిల్లలు ఒక్కసారిగా చేరారు. అసలు గండం ఎనిమిదో తరగతి పరీక్ష తర్వాత: హైస్కూల్లో సీట్లు తక్కువ, అది దూరమైతే హాస్టల్ ఖర్చు. మీ పాప సరిగ్గా అక్కడికి వచ్చే వేళకే సంస్థ వెళ్తోంది, నాకు టెన్షన్ ఇక్కడే. ఆ ఏడాది తన చదువు ఎవరు చూస్తారో సంస్థను అడగండి, పాపకు రాసే ఉత్తరంలో ఇప్పుడు ఏ క్లాసులో ఉందో, నీళ్లకు ఎంత దూరం వెళ్తోందో అడగండి.