పాప 'మీగ్వెచ్' అంటోంది, మనమేం అనాలి?

ప్రశ్న: మేం 2021లో గుంటూరు నుంచి కెనడాలోని సూ సెయింట్ మరీకి వచ్చాం. పాప నాలుగో క్లాసు. బళ్లో ఇక్కడి ఆదివాసుల అనిషినాబే భాష చెబుతున్నారు. ఇంట్లో మంచినీళ్లు ఇచ్చినా 'మీగ్వెచ్' (థాంక్స్) అంటోంది. సెప్టెంబర్ 30కి ఆరెంజ్ చొక్కా కావాలట. ఇదంతా 'రికన్సిలియేషన్' (ఆదివాసులకు జరిగిన అన్యాయాన్ని ఒప్పుకుని సరిదిద్దుకోవడం) అన్నారు టీచరు. అన్యాయం చేసింది మనం కాదు కదా, మనకెందుకు? తెలుగే సరిగ్గా రాని పిల్లకు ఇంకో భాష అంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, థండర్ బేకి వచ్చిన కొత్తలో నేనూ ఇదే మాట అన్నాను.

మీ ఊళ్లో ఆల్గోమా యూనివర్సిటీ పాత భవనం చూసే ఉంటారు. 1970 దాకా అది షింగ్వాక్ రెసిడెన్షియల్ స్కూలు. రెసిడెన్షియల్ అనగానే మనకు ర్యాంకులు గుర్తొస్తాయి. ఇవి వేరు. దేశమంతటా సుమారు లక్షన్నర మంది ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి తెచ్చి ఇలాంటి బళ్లలో పెట్టారు. జుట్టు కత్తిరించారు, సొంత భాష మాట్లాడితే కొట్టారు. తిరిగి ఇంటికి చేరని పిల్లలు వేలల్లో ఉన్నారు. సెప్టెంబర్ 30న ఆరెంజ్ చొక్కా వేసుకునేది ఈ పిల్లల్ని తలుచుకోవడానికే. మీ పాప ఇప్పుడు నేర్చుకుంటున్నది ఆ దెబ్బలు తిన్న భాషే.

తప్పు మీది కాదు, నిజమే. కానీ స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు చూస్తాం కదా! మీ ఇంటి నేలకు లింకు డాక్యుమెంటు, ఆదివాసులకూ ప్రభుత్వానికీ మధ్య 1850లో జరిగిన రాబిన్సన్-హ్యూరాన్ ఒప్పందం. దాని కింద ఆదివాసులకు ఇచ్చే సొమ్ము ఏడాదికి తలకు 4 డాలర్ల దగ్గర దాదాపు నూటయాభై ఏళ్లు ఆగిపోయింది. రేపు మీరు సిటిజన్‌షిప్ తీసుకునేటప్పుడు చేసే ప్రమాణంలోనూ ఆదివాసుల ఒప్పంద హక్కుల మాట ఉంటుంది. 2021లో చేర్చారు.

నాకు ఇది పుస్తకాల్లో ఎక్కలేదు. ఒక సెప్టెంబర్లో నేను వెళ్లే అనిషినాబే భాష క్లాసులోని పెద్దావిడ మనోమిన్ పనికి రమ్మన్నారు. అది నీళ్లలో పెరిగే వాళ్ల ధాన్యం. కెనూలో ఒకరు గెడ వేస్తుంటే, ఇంకొకరు రెండు కర్రలతో కంకులు వంచి గింజలు పడవలోకి రాలుస్తారు. తర్వాత వేయించి, పొట్టు ఊడేలా తొక్కి, బిర్చి చెట్టు బెరడుతో చేసిన పళ్లెంలో ఎగరేస్తారు. ఆ పళ్లెం నా చేతిలో పెట్టారు. మణికట్టు దానంతటదే కదిలింది. మా అమ్మమ్మ చేట పట్టినట్టే! పొట్టు గాలికి పోయింది, నల్లటి గింజ మిగిలింది. "దీన్ని మీ భాషలో ఏమంటారు?" అని అడిగారావిడ. "చెరగడం" అన్నాను. రెండుసార్లు పలికి చూసుకున్నారు. ఆవిడ తన భాష నేర్చుకున్నది అరవై దాటాక. కొడతారన్న భయంతో వాళ్లమ్మ ఇంట్లో ఒక్క మాటా నేర్పలేదట. ఆ మాట విన్నాక, మా అబ్బాయితో ఇంగ్లిషే మాట్లాడడం మానేశాను. అందుకే చెబుతున్నా, తెలుగుకు అడ్డు ఈ భాష కాదు, ఇంట్లో మన ఇంగ్లిషే.

పవ్‌వౌకి, అంటే ఆదివాసుల ఆటపాటల వేడుకకి, తప్పకుండా వెళ్లండి. మొదట్లో నాట్యం చేసేవాళ్లంతా కలిసి లోపలికి వచ్చే గ్రాండ్ ఎంట్రీకి లేచి నిలబడండి, అడగకుండా ఫొటోలు తీయకండి. వాళ్లు వేసుకున్నవి వేషాలు కావు, ఆ మాట అనకండి. పెద్దల్ని ఏదైనా నేర్పమని అడిగేటప్పుడు చిన్న గుడ్డలో పొగాకు కట్టి ఇస్తారు. నేను కుడిచేత్తో చాచితే, "ఎడమచేత్తో ఇవ్వు, గుండెకు దగ్గర" అన్నారావిడ. పెద్దవాళ్లకు ఎడమచేత్తో ఇవ్వడానికి నా చెయ్యి ఎంతసేపు రాలేదో!

చొక్కా ఆదివాసులు నడిపే దుకాణంలోనే కొనండి. ఇంకోటి, పాపని 'రాయి'కి ఏమంటారో అడగండి. 'అసిన్' అంటుంది. ఆ భాషలో రాయి ప్రాణమున్న వాటి లెక్కలోకి వస్తుంది, క్రియ కూడా మారుతుంది. 'రాయిని చూస్తున్నాను' అంటే 'నివాబమా'. పడవని చూస్తే 'నివాబందాన్'. ఎందుకలా అని మీరు అడగండి, పాపని చెప్పనివ్వండి, తెలుగులో.