ద్రవాల ఉపరితలంపై పరిశోధన చేస్తే భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: బీఎస్సీ ఫిజిక్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ద్రవాల ఉపరితలాల మీద థియరీ వైపు పరిశోధన చేయాలని ఉంది. ‘నీళ్ల మీద లెక్కలు వేస్తే ఉద్యోగం ఎవరిస్తారు?’ అని నాన్న టెన్షన్ పడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఓ విద్యార్థిని, విజయనగరం

జవాబు: నీటికీ, దాని పైనున్న ఆవిరికీ మధ్య సరిహద్దు కంటికి గీతలా కనిపిస్తుంది. నిజానికి అక్కడ సాంద్రత కొన్ని అణువుల మందంలో క్రమంగా పడిపోతుంది. ఆ మార్పుకు ఎంత శక్తి కావాలో లెక్కగడితే తలతన్యత వస్తుంది. 25 డిగ్రీల దగ్గర నీటికి అది మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. అణువుల మధ్య ఆకర్షణ నుంచి ఈ అంకె ఎలా పుడుతుందన్న ప్రశ్నను డచ్ భౌతిక శాస్త్రవేత్త వాండర్ వాల్స్ 1893లోనే పట్టుకున్నారు. 1979లో బ్రిస్టల్ శాస్త్రవేత్త బాబ్ ఎవాన్స్ రాసిన సమీక్షా వ్యాసం తర్వాత, సాంద్రత ఎక్కడెక్కడ ఎంతుందో దాన్నిబట్టి శక్తిని లెక్కగట్టే డెన్సిటీ ఫంక్షనల్ పద్ధతి ఈ రంగానికి ప్రధాన ఆధారమైంది. సన్నటి రంధ్రాల్లో ద్రవం ఎలా ఉంటుంది, ఏ ఉపరితలం తడుస్తుంది, ఏది తడవదు అన్నవి ఈనాటికీ బతికున్న ప్రశ్నలే.

ముందు ఒక పని చేసి చూడండి. వాండర్ వాల్స్ సిద్ధాంతంతో ద్రవం నుంచి ఆవిరి దాకా సాంద్రత ఎలా మారుతుందో పైథాన్‌లో మీరే లెక్కించి గ్రాఫ్ గీయండి. ఉష్ణోగ్రత క్రిటికల్ పాయింట్‌కు (ద్రవానికీ ఆవిరికీ తేడా మాయమయ్యే స్థితికి) దగ్గరయ్యే కొద్దీ సరిహద్దు వెడల్పవడం కనిపిస్తుంది. ఆ పనిలో గంటలు తెలియకుండా గడిచిపోతే ఇది మీ దారే. విసుగొస్తే ఇప్పుడే తెలిసిపోవడం మంచిది.

‘ద్రవాల ఉపరితలాలు’ అన్న పేరుతో ఎమ్మెస్సీ కోర్సు కోసం వెతక్కండి. స్టాటిస్టికల్ మెకానిక్స్ (కోట్ల అణువుల ఉమ్మడి ప్రవర్తనను లెక్కగట్టే శాస్త్రం), సాఫ్ట్ మ్యాటర్ (ద్రవాలు, జెల్‌ల వంటి మెత్తని పదార్థాల అధ్యయనం) అన్న పేర్ల కింద చూడండి. కెమిస్ట్రీ, కెమికల్ ఇంజినీరింగ్ విభాగాల్లోనూ ఇలాంటి పని జరుగుతుంది, చాలామంది అటు చూడనే చూడరు. ఐఐటీల ఎమ్మెస్సీకి, బెంగళూరు ఐఐఎస్సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి జామ్ ప్రవేశ పరీక్ష రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష. హైదరాబాద్‌లోనే ఉన్న టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) కేంద్రాన్నీ మరవద్దు. కాలేజీ పేరుకన్నా గైడ్ ఎవరన్నది ముఖ్యం. వాళ్ల ఇటీవలి పేపర్లు రెండైనా చదివాకే నిర్ణయించుకోండి.

నాన్నగారి భయంలో కొంత నిజముంది. థియరీ అధ్యాపక పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ, పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్లు పోస్ట్‌డాక్ (తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) కూడా చేయాల్సి రావచ్చు. అందుకే మాలిక్యులర్ సిమ్యులేషన్ (అణువుల ప్రవర్తనను కంప్యూటర్‌లో అనుకరించడం), కోడింగ్ గట్టిగా నేర్చుకోండి. బ్యాటరీలు, రంగులు, మందుల తయారీ పరిశోధనలో వాటికి గిరాకీ ఉంది. సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి అమల్లో ఉన్న రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000 ఫెలోషిప్ అందుతుంది. పీహెచ్‌డీ చదువు భారం ఇంటి మీద పడదని ఆయనకు చెప్పండి.